ఎడారిపై గుమ్మడి పై

తెలుగు రైతు 'ఖరీఫ్' అనే మాటను జూన్ నెలలో, విత్తనాలతోను యూరియా బస్తాలతోను పంట రుణాలతోను కలిపి వాడుకుంటాడు గానీ, ఆ మాట పుట్టిన అరబ్బీలో దానికి శరత్కాలమని అర్థం. పారశీక, ఉర్దూ దస్తావేజుల మీదుగా తెలుగునేలకు చేరేసరికి ఋతువు పేరు కాస్తా ఆ ఋతువులో కోతకు వచ్చే పంట పేరుగా స్థిరపడింది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి సౌదీ అరేబియాకు బతుకుతెరువు కోసం వెళ్ళిన తెలుగువారు ఈ మాటను దాని పుట్టింట్లోనే వింటున్నా, అది సూచించే ఋతువును మాత్రం రియాద్ వీధుల్లో కంటితో చూసే అవకాశం తక్కువ. సెప్టెంబరు మధ్యాహ్నాలు 40 డిగ్రీల చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. పశ్చిమ దేశాల క్యాలెండర్లలో బంగారు రంగు ఆకులు రాలుతుంటే, ఇక్కడ ఖర్జూర చెట్టు ఒక్క ఆకునైనా రాల్చే ఉద్దేశంలో ఉండదు.

అందుచేత ఋతువును నేల మీద కాక ఆకాశంలో వెతకవలసి వస్తుంది. ఏటా ఆగస్టు 24 ప్రాంతంలో తెల్లవారుజామున దక్షిణ దిక్కున సుహైల్ నక్షత్రం కనబడితే ఎండ నడుము విరిగినట్టేనని అరబ్బులు తరతరాలుగా లెక్క కడుతున్నారు. ఈ సుహైలే మనవారి అగస్త్య నక్షత్రం. అది ఉదయిస్తే వానలు వెనకబట్టి, బురదనీళ్ళు తేరుకుని, శరత్తు వస్తుందని మన సంప్రదాయం. ఒకే చుక్క ఒకరికి ఎండలు తగ్గాయని, మరొకరికి వానలు తగ్గాయని కబురు తేవడం ఖగోళశాస్త్రంలో ముచ్చటైన విషయమే అయినా, చుక్క పొడిచిన సంగతి ఏసీకి గానీ కరెంటు బిల్లుకు గానీ అక్టోబరు దాకా తెలియకపోవడం గృహశాస్త్రంలో విచారకరమైన విషయం.

ఇటువంటి వాతావరణంలో ఒక తెలుగు ఇంటికి గుమ్మడికాయతో శరత్కాలపు మిఠాయి కాల్చాలన్న కోరిక ఎందుకు కలుగుతుందన్న ప్రశ్నకు పరిశోధకులు దూరం వెళ్ళనక్కరలేదు. డాలస్‌లో ఉన్న తోడికోడలు పంపిన ఫొటో ఒక్కటి చాలు. ఆ ఫొటోలోని పదార్థాన్ని 'పై' అంటారు. మైదాను వెన్నతో కలిపి, పళ్ళెంలో పరిచి, అందులో తీపి ముద్ద నింపి ఓవెన్‌లో కాల్చే వంటకం పై. 'గుమ్మడి పై' అనగానే తెలుగు పాఠకుడు "గుమ్మడి పై ఏముంది?" అని అడగడం సహజం. చాలా రకాల పైలకు పైన పిండి మూత ఉంటుంది గానీ, గుమ్మడి పైకి సంప్రదాయం ప్రకారం మూత ఉండదు. కనుక పిండి అంతా కిందే ఉండి పైన ఏమీ లేని 'పై'గా వైయాకరణులు దీన్ని ప్రత్యేకంగా గుర్తించవలసి ఉంటుంది. 1796లో అమెరికాలో అచ్చైన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలోనే దీని పూర్వరూపం ఉంది.

గుమ్మడి వంశచరిత్ర మరింత చిక్కైనది. వడియాలకూ దిష్టికీ వాడే బూడిద గుమ్మడి ఆసియా ఖండపు పాతకాపు; పులుసులో పడే తీపి గుమ్మడి మాత్రం కొలంబస్ తరువాత అమెరికా ఖండాల నుంచి వచ్చి, ఏ రుజువులూ చూపకుండానే సంక్రాంతి దప్పళంలో శాశ్వత నివాసం సంపాదించుకుంది. అరబ్బులకూ ఇదే తికమక ఉంది: యూనుస్ ప్రవక్తకు నీడనిచ్చిన మొక్కగా ఖురాన్ పేర్కొన్న 'యఖ్తీన్' అనే మాటనే నేడు అమెరికా గుమ్మడికీ వాడుతున్నారు. ఇక అమెరికాలో డబ్బాలకెక్కే పేరుపొందిన గుమ్మడి గుజ్జు డికిన్సన్ అనే రకానిది. అది శాస్త్రరీత్యా మన తీపి గుమ్మడి జాతిదే. సముద్రాలు దాటివచ్చిన ఆ డబ్బాను 15 శాతం వ్యాట్ కట్టి కొని, మూత తీసి చూసిన గృహిణి అందులో దప్పళం ముక్కకు వేలువిడిచిన మేనమామను గుర్తుపట్టి నిట్టూర్చడంలో ఆశ్చర్యం లేదు.

డబ్బా వద్దనుకుంటే కాయ కొయ్యాలి. మొత్తం గుమ్మడికాయకు తొలి గాటు ఆడవారు పెట్టకూడదని తెలుగిళ్ళలో ఒక ఆచారం ఉంది. రియాద్‌లోని బత్హా ప్రాంతంలో ఆరుగురు మగవాళ్ళు ఒక గదిలో ఉండి వంతులవారీగా వండుకునే చోట ఈ ఆచారం ఎవరూ పూనుకోకుండానే నూటికి నూరుపాళ్ళూ అమలవుతుంది. కాపురాలున్న చోట సూపర్ మార్కెట్ వారే కాయను ముక్కలు చేసి ప్లాస్టిక్ పొర చుట్టి అమ్మి, తెలియకుండానే ధర్మరక్షణ చేస్తున్నారు. సినిమావారు గుమ్మడికాయ కొట్టి పని ముగిస్తారు. పై చేసేవారికి కష్టాలు అక్కడే మొదలు.

ఆ కష్టాలన్నిటినీ ఒక్క మాటలో తీసివేత లెక్క అనవచ్చు. అమెరికా పద్ధతి వెనిలా సారం అడుగుతుంది. ఆ దేశపు నిబంధన ప్రకారం వెనిలా సారంలో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి కనుక మద్యనిషేధమున్న దేశంలో దానికి చోటు లేక, తెల్లటి వెనిలా పొడి పొట్లం దాని స్థానంలోకి వస్తుంది. తరువాత జాజికాయ. దీనికి మత్తు గుణముందన్న కారణంతో సౌదీలో విడిగా కాయనూ పొడినీ దిగుమతి కానివ్వరు. మసాలా మిశ్రమాల్లో స్వల్ప పాళ్ళలో ఉంటేనే ఒప్పుకుంటారు. గసగసాల సంగతి ఇంకా కఠినం: అవి మాదకద్రవ్యాల పద్దులో పడతాయి కనుక, కూరలోకని అమ్మ కట్టిచ్చిన పొట్లం కొడుకును జైలు గుమ్మం దాకా తీసుకుపోగలదు. అందుకే గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు, సంచిలో ఆవకాయ తప్ప మరేమీ లేని ప్రయాణికుడు కూడా స్కానర్ దగ్గర కారణం లేకుండా చెమటలు కక్కుతాడు. జాజికాయ పోగా దాల్చినచెక్క, లవంగం, శొంఠి మిగులుతాయి. ఏలకులు ఎవరూ పిలవకపోయినా వచ్చి కూర్చుంటాయి. వెన్న "గది ఉష్ణోగ్రతలో" ఉండాలని వంటపుస్తకం చెప్పే చోట ఏ గదో చెప్పకపోవడం దాని ప్రధాన లోపం. ఏసీ లేని వంటగదిలో ఆ వెన్న పావుగంటలో నెయ్యి కావడానికి సిద్ధపడుతుంది.

ఓవెన్ అంటే నాలుగు వైపుల నుంచీ వేడి తగిలేలా మూసి కాల్చే పెట్టె అని నిఘంటువులు చెబుతాయి గానీ, గల్ఫ్ తెలుగిళ్ళలో అది గ్యాస్ పొయ్యి కింద ఉండే అటక. మూకుళ్ళు, పెనాలు, ఇడ్లీ స్టాండు అక్కడ ఉంటాయి. వాటిని ఖాళీ చేయడానికి పట్టే సమయం పై కాలే సమయం కన్నా ఎక్కువ. ఓవెన్ లేని గదుల్లో ప్రెషర్ కుక్కర్ అడుగున ఇసుక పోసి, విజిల్ తీసేసి కాల్చే పద్ధతి ఉంది. ఇసుకకు కొదవలేని దేశమే కాక, నిప్పుల బూడిదలోను వేడి ఇసుకలోను రొట్టె కాల్చుకునే బెదూయిన్ల దేశం కూడా కనుక, ఈ పద్ధతిని పరాయిదని ఎవరూ అనలేరు.

ఈ అన్ని జాగ్రత్తల తరువాత తయారయ్యేదేమిటన్నది వివాదాస్పదం. గుమ్మడిలో నీరు ఎక్కువ కావడంతో లోపలి ముద్ద గట్టిపడదు, దాన్ని బాండీలో వేసి నెయ్యితో ఇగర్చాలి. ఇగురుతున్నప్పుడు చక్కెర చాలదనిపించి బెల్లం పడుతుంది. బెల్లం పడ్డాక చెయ్యి తనంతట తానే జీడిపప్పు డబ్బా వైపు పోతుంది. రాత్రి తొమ్మిదింటికి, అంటే రాజమండ్రిలో పదకొండున్నరకు, వీడియో కాల్‌లో దీన్ని చూసిన అత్తగారు "హల్వా బాగా కుదిరిందే అమ్మాయ్, కింద ఆ చపాతీ ఎందుకు?" అని అడగడంతో పై మీద చర్చ ముగుస్తుంది.

పక్క ఫ్లాటులోని ఈజిప్టు కుటుంబానికి ఒక పళ్ళెం వెళుతుంది. గుమ్మడిని పాలతో చేసిన తెల్ల సాస్ కింద కాల్చే 'ఖర్అ అసలీ' వారింటి వంటకం కనుక వారు దాన్ని తమదిగానే గుర్తించి, ఖాళీ పళ్ళెం తిప్పి పంపే అలవాటు లేనివారు కావడంతో మర్నాడు అదే పళ్ళెంలో తమ గుమ్మడి మిఠాయి నింపి పంపుతారు. మూడోనాడు, ఫ్రిజ్‌లో మిగిలిన పచ్చి ముక్కకు చింతపండు పులుసూ ఇంగువ పోపూ తగిలి, ఆ ఇంట్లో అందరూ మాట్లాడకుండా భోజనం చేస్తారు.