ముందు పంపు, తర్వాత అడుగు: మెసయీద్‌లో తిరిగే తప్పుడు సలహాలు

దోహాకు దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెసయీద్ ఫ్యాక్టరీల ఊరు. ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, పెట్రోకెమికల్స్ ప్లాంట్లలోనూ వాటి చుట్టూ పనిచేసే కాంట్రాక్టు కంపెనీల్లోనూ మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వాళ్లున్నారు, కడప, గోదావరి జిల్లాల వాళ్లున్నారు. ఒక్కొక్కరి ఫోన్‌లో ఊరి గ్రూపు, మండలం గ్రూపు, కంపెనీ గ్రూపు. అన్నింటిలోకీ సాయం కోరే మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. ఆసుపత్రి మంచం మీద పసిబిడ్డ, మార్చురీలో ఎదురుచూస్తున్న శవం, జైల్లో చిక్కుకుపోయిన మనిషి. వాటి వెనకాలే సలహాలు వస్తాయి. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే. సలహాలే తప్పు. అందుకే అవి వినబడిన మాటల్లోనే రాసి, ఎక్కడ తప్పో చెబుతున్నాను.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2021 మార్చి నుంచి ఖతార్‌లో కనీస మూల వేతనం నెలకు 1000 రియాళ్లు. నెలకు 26 పనిదినాలు వేసుకుంటే రోజుకు 38 రియాళ్ల చిల్లర. అంటే 50 రియాళ్ల చందా ఒక రోజు కూలి మొత్తం పోగా, మరుసటి రోజు పొద్దున చేసిన పనిని కూడా తింటుంది. ఆ డబ్బు మోసగాడి ఖాతాలో పడితే కోపం వస్తుంది. చట్టప్రకారం ఇంకొకరు కట్టాల్సిన డబ్బును ఈ కూలీ తన జేబులోంచి కట్టినప్పుడు నాకు అంతకంటే ఎక్కువ కోపం వస్తుంది.

"ముందుగాల పంపుర్రి, అడుగుడు తర్వాత"

ప్రాణం పోతుంటే ప్రశ్నలేంటి అంటారు. కానీ మెసేజ్ చదివినవాడు ఐదు నిమిషాలు ఆగితే ఏ ప్రాణమూ పోదు. నిజంగా ఆపరేషన్ ఉంటే ఆసుపత్రికి ల్యాండ్‌లైన్ ఉంటుంది, రోగికి నంబరు ఉంటుంది, వార్డు ఉంటుంది. మెసేజ్‌లో ఉన్న నంబరుకు కాకుండా ఆసుపత్రి నంబరు మీరే వెతికి పట్టుకుని ఫోన్ చేయండి. ఇంటికి ఫోన్ చేసి అదే ఊళ్లో ఉన్న చుట్టాన్ని వెళ్లి చూసి రమ్మనండి. మన గ్రూపులన్నీ ఊళ్ల పేరు మీద పుట్టినవే. జగిత్యాలలో ఎవరికి బాగాలేదో జగిత్యాలలో ఉన్న పదిమందిలో ఒకరికైనా తెలుస్తుంది. ఎవరికీ తెలియకపోతే అక్కడే ఆగాలి.

"శవాన్ని ఇంటికి పంపాలి, తలా ఇంత వేద్దాం"

అన్నింటిలోకీ ఇదే ఎక్కువగా వినబడుతుంది, దీన్ని కాదనడమే అందరికీ కష్టం. తోటివాడు పోయాడు. అతని భార్య ఊళ్లో ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఈ దశలో లెక్కలు మాట్లాడేవాడిని రాయిలా చూస్తారు. అయినా మాట్లాడాలి.

ఖతార్ కార్మిక చట్టం, అంటే 2004 నాటి 14వ నంబరు చట్టం ప్రకారం, పనిలో ఉన్న కార్మికుడు చనిపోతే, కుటుంబం కోరితే, శవాన్ని సిద్ధం చేసి స్వదేశానికి పంపే ఖర్చు యజమానిదే. పని వల్ల చనిపోతే వారసులకు పరిహారం వేరే ఉంది. రావాల్సిన జీతం, సర్వీసు డబ్బు వేరే ఉన్నాయి. కాబట్టి చందా పెట్టేముందు కంపెనీ మందూబ్‌నో హెచ్‌ఆర్‌నో అడగాల్సిన మొదటి మాట ఒకటే: టికెట్, కార్గో ఖర్చు మీరు కడుతున్నారా లేదా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కట్టం అంటే భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. యజమాని చేతులెత్తేసి, కుటుంబానికి స్తోమత లేనప్పుడు వాడటానికే 2009లో కేంద్ర ప్రభుత్వం భారతీయ సమాజ సంక్షేమ నిధిని పెట్టింది. ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరం, అందరూ ఐసీబీఎఫ్ అనేది, రాయబార కార్యాలయం అండతో ఈ పనుల్లోనే ఉంటుంది.

మనం అడగకుండా తలా 50 వేసి శవాన్ని పంపిస్తే ఏం జరుగుతుంది? కంపెనీ ఖర్చు తప్పించుకుంటుంది. రేపు ఇంకొకరు పోయినప్పుడు కూడా మీ వాళ్లు పోగేసుకుంటారుగా అంటుంది. ఆ కుటుంబానికి నిజంగా కావాల్సిన సాయం, అంటే పిల్లల చదువు, వీసా కోసం చేసిన అప్పు, అలాగే మిగిలిపోతుంది. మన చందా వాటికి పోవాలి.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. పాలసీ కాగితం ఎక్కడో పెట్టెలో ఉంటుంది, ఇంట్లోవాళ్లకు దాని సంగతే తెలియదు. రెండేళ్లకు 125 రియాళ్లు కట్టి ఐసీబీఎఫ్ బీమాలో చేరి ఉంటే, మరణం సంభవించినప్పుడు కుటుంబానికి లక్ష రియాళ్లు. తెలంగాణ వాళ్లయితే, 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ 2024లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ దరఖాస్తు పూర్తి చేసి జిల్లా కలెక్టర్ ఆఫీసుకు చేర్చే మనిషి ఒకరు దొరికితే, అతని రెండు రోజుల తిరుగుడు మన గ్రూపు మొత్తం వేసే చందాకంటే ఎక్కువ డబ్బు ఆ ఇంటికి తెస్తుంది.

విజిట్ వీసా మీద వచ్చి చనిపోయినవాళ్లకూ, ఖల్లివెల్లి అయి కంపెనీకి దూరమైనవాళ్లకూ ఈ దారుల్లో కొన్ని అందవు. అలాంటప్పుడు చందా నిజంగా అవసరమవుతుంది. అప్పుడు వెనుకాడకండి. కానీ ఆ సంగతి తేలడానికి ముందు పైన చెప్పిన తలుపులన్నీ తట్టి ఉండాలి.

"ఒకరి ఖాతాలో వేయించండి, ఆయన చూసుకుంటాడు"

ఇది వసూలు చేసేవాడినే చిక్కుల్లో పెట్టే సలహా. ఖతార్‌లో 2014 నాటి 15వ నంబరు చట్టం ప్రకారం అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయడం నేరం. దాతృత్వ కార్యకలాపాల నియంత్రణ సంస్థ, పొట్టిగా రాకా, అనుమతి ఇస్తేనే వసూలు చేయాలి. క్యాంపులో డబ్బా పట్టుకుని తిరిగినా, వాట్సాప్‌లో ఖాతా నంబరు పెట్టినా ఆ చట్టం వర్తిస్తుంది. మంచి మనసుతో ముందుకొచ్చిన ఫోర్‌మన్ ఖాతాలో నాలుగు రోజుల్లో యాభై మంది దగ్గర్నుంచి డబ్బు పడితే, బ్యాంకు అడిగినా పోలీసు అడిగినా జవాబు చెప్పాల్సింది అతనొక్కడే. చందా వేసిన యాభై మందిలో ఒక్కడు కూడా అతని పక్కన నిలబడలేడు.

సరైన దారి ఉంది. 2024లో ఖతార్‌లో ఉంటున్న ఒక కేరళ కుటుంబంలో పసిపాపకు స్పైనల్ మస్కులర్ అట్రోఫీ వచ్చింది. మందు ఖర్చు కోటీ 16 లక్షల రియాళ్లు. మలయాళీ సంఘాలు సొంత ఖాతాలు తెరవలేదు. రాకా అనుమతితో ఖతార్ ఛారిటీ వసూలు చేపట్టింది, సంఘాలన్నీ జనాన్ని ఆ లింకుకే పంపాయి. ఎవరూ చట్టానికి చిక్కలేదు, డబ్బు ఎవరి జేబు మీదుగానూ పోలేదు. మన సంఘాలు కూడా ఈ దారే నేర్చుకోవాలి. కాస్త ఆలస్యమవుతుంది, దరఖాస్తు పెట్టాలి, కాగితాలు ఇవ్వాలి. అయినా అదే దారి.

"లక్షమంది షేర్ చేశారు, అబద్ధమైతే ఇంతమంది చేస్తారా?"

చేస్తారు. 2012 మార్చిలో అమెరికాలోని ఒక సంస్థ, ఉగాండా తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీని పట్టుకోవాలంటూ అరగంట వీడియో పెట్టింది. వారం తిరగకముందే పది కోట్లమంది చూశారు. అప్పటికి కోనీ ఉగాండా వదిలి వెళ్లి ఏళ్లయింది. ఉత్తర ఉగాండా జనమే, ఇది మా ఇవాళ్టి కథ కాదని బాధపడ్డారు. అతని కోసం వెతికిన సైన్యాలు 2017లో వేట ఆపేసి వెళ్లిపోయాయి, అతను దొరకలేదు. పది కోట్లమంది చూసినందువల్ల ఆ వీడియోలో పాతబడిన సంగతి కొత్తది కాలేదు.

షేర్ అయిన ప్రతిదీ చెడ్డదని కాదు. 2014లో నెత్తిన ఐసు నీళ్లు పోసుకునే ఆట అమెరికాలోని ఏఎల్ఎస్ సంఘానికి 11.5 కోట్ల డాలర్లు తెచ్చింది, ఆ డబ్బు పరిశోధనకు పనికొచ్చింది. అదే ఆట హైదరాబాద్‌కు వచ్చినప్పుడు మంజులత కళానిధి అనే పాత్రికేయురాలు ఆగి ఆలోచించారు. నీళ్లకు కటకట పడే చోట నీళ్లు పారబోయడమేంటని, ఆ ఆగస్టులో బకెట్టు బియ్యం తన చుట్టుపక్కల అవసరమున్నవారికి ఇచ్చి, మీరూ ఇవ్వండి అన్నారు. రైస్ బకెట్ చాలెంజ్ అలా పుట్టింది. ఇచ్చిన బియ్యం ఎవరి ఇంట్లో వండారో ఇచ్చినవాళ్లకు తెలుసు. మెసయీద్‌లో మనకూ ఇది వీలైన పనే. జీతాలు ఆగిపోయిన క్యాంపు పక్కనే ఉంటే, బియ్యం, పప్పు, నూనె కొని చేతికివ్వండి.

"ఫోటో చూస్తే తెలుస్తోంది కదా"

ఫోటో ఎవరిదైనా కావచ్చు, ఎప్పటిదైనా కావచ్చు. గూగుల్ లెన్స్‌లో పెడితే చాలాసార్లు అదే పసిబిడ్డ వేరే పేరుతో, వేరే రాష్ట్రంలో కనిపిస్తుంది. ఖాతా పేరును మరీ జాగ్రత్తగా చూడాలి. 2020 మార్చిలో పీఎం కేర్స్ నిధి పెట్టిన వెంటనే, దాని యూపీఐ ఐడీలో చివరి ఎస్ అక్షరం ఒక్కటి తీసేసి మోసగాళ్లు నకిలీ ఐడీ తయారుచేశారు. ప్రధానమంత్రి పేరుమీదే అంత తెగించినవాళ్లు మన మండలం పేరును వదులుతారా? వ్యక్తి ఖాతాకు కాకుండా ఆసుపత్రిలో ఆ రోగి పేరున ఉన్న ఖాతాకే కట్టండి.

నిజమైన రోగే అనుకుందాం. అప్పుడైనా అడగండి: ఆరోగ్యశ్రీలో ఆ జబ్బు ఉందా? తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆ పరిమితి 10 లక్షలు. సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామని ఆసుపత్రికిచ్చే హామీ పత్రం, కోరారా? నిమ్స్‌లో చికిత్స అయితే ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఆ పని నడుస్తుంది. ఇవన్నీ పోగా మిగిలే లోటు ఎంతో తెలిస్తే, మనం వేసే డబ్బు ఆ లోటు మీద పడుతుంది.

"బ్లడ్ మనీ కడితే రేపే విడుదల"

ఇలా చెప్పి డబ్బు పోగుచేయడం కుటుంబానికీ అన్యాయమే. ఒక కాపలాదారు మృతి కేసులో దుబాయ్ జైల్లో ఉన్న సిరిసిల్ల ప్రాంతపు అయిదుగురి కోసం 2011లో కేటీఆర్ నేపాల్‌కు వెళ్లి, ఆ కాపలాదారు కుటుంబానికి 15 లక్షల పరిహారం అందజేశారు. వాళ్లలో కొందరు ఇల్లు చేరింది 2024 ఫిబ్రవరిలో. సౌదీలో మరణశిక్ష పడిన ఒక కోజికోడ్ మనిషి కోసం 2024 ఏప్రిల్‌లో 34 కోట్ల రూపాయలు పోగయ్యాయి, జులైలో రియాద్ కోర్టు మరణశిక్ష రద్దు చేసింది. కానీ జైలు అప్పుడే ముగియలేదు. క్షమాపణ వేరు, ప్రభుత్వం తరఫున మిగిలే శిక్ష వేరు. కేసు చూస్తున్న వకీలు ఎవరో, బాధిత కుటుంబం ఒప్పుకుందో లేదో తెలియకుండా ఒక్క రియాల్ కూడా వేయకండి.

"సాయం చేసినోళ్లని లెక్క అడుగుతావా, బాబాయ్?"

అడగాలి. పైన చెప్పిన కోజికోడ్ వసూలుకు యాప్ పెట్టారు, ఎంత వచ్చిందో అందరికీ కనిపించేది, లక్ష్యం చేరగానే ఇక పంపొద్దని చెప్పారు. అంత పెద్ద మొత్తానికే అది వీలైతే, మన గ్రూపులో పోగయ్యే 5 వేల రియాళ్లకు ఒక కాగితం ఫోటో వీలుకాదా? లెక్క చూపినవాడిని వచ్చేసారి ఎవరూ అనుమానించరు. లెక్క అడిగినవాడిని గ్రూపులోంచి తీసేస్తే, మిగిలినవాళ్లు కూడా ఆ గ్రూపులో డబ్బు వేయడం మానేయాలి.

"డబ్బు లేకపోతే ఫార్వర్డ్ అయినా చెయ్"

ఫార్వర్డ్‌కు ఖర్చేమీ లేదనిపిస్తుంది. కానీ మీ పేరు చూసి మీ తమ్ముడు నమ్ముతాడు, అతన్ని చూసి అతని రూమ్‌మేట్. తేదీ లేని మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. బిడ్డ కోలుకున్నా, లేదా పోయినా, తండ్రికి అపరిచితుల ఫోన్లు వస్తూనే ఉంటాయి. బిడ్డ ముఖం, పైపులు, నగ్నంగా ఉన్న ఒళ్లు, అన్నీ వేలమంది ఫోన్లలో మిగిలిపోతాయి.

రేపు మన తోటివాడి కోసమే మెసేజ్ రాయాల్సి వస్తే, ముందు రాకా అనుమతి ఉన్న సంస్థను పట్టుకుని, ఇవన్నీ రాయండి: తేదీ, జబ్బు లేదా కేసు ఏమిటి, కంపెనీ ఏం కట్టింది, బీమా ఎంత, ప్రభుత్వం ఎంత, ఇంకా లోటెంత, ఏ సంస్థ లింకు, ఎప్పటితో ముగుస్తుంది. బిడ్డ ముఖం పెట్టకండి. లోటు పూడిన రోజున అవే గ్రూపుల్లోకి "వసూలు ముగిసింది, ఇక పంపొద్దు" అని ఇంకో మెసేజ్ పంపండి, కింద లెక్క కాగితం జతచేసి.