యామన్‌పల్లి యువరాజోదయం

దీపావళి టపాకాయల ధూమం అబీద్ సెంటర్ గగనసీమను ఇంకా వీడకముందే, 2025 అక్టోబరు 21న, జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్ అనే డైనోసార్ల ఉద్యానపు వీడియో ఆట ముచ్చటగా మూడో అవతారమెత్తింది. కేంబ్రిడ్జ్‌లోని ఫ్రాంటియర్ శిల్పులు నిర్మించిన ఆ మాయాసామ్రాజ్యం నర్సీపట్నంలో ఒకానొక మేడగదికి, శాతం వెంట శాతంగా, క్షీరసాగరం నుంచి అమృతకలశం పైకి తేలినట్టు దిగుమతి కాసాగింది. తొంభైతొమ్మిది వద్ద లోకాలు ఊపిరి బిగబట్టాయి. నూరు!

ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ అనే సింహాసనం మీద ఇంటర్మీడియట్ రెండో సంవత్సరపు ఉద్యానచక్రవర్తి కొలువుదీరాడు. ఆయన తర్జని కదిలింది. మౌసు క్లిక్కుమంది. ఆ ధనుష్టంకారానికి శాస్త్రజ్ఞసేనలు దిగంతాలకేగి శిలాజాలు పెకలించుకొచ్చాయి, జన్యుతంతువులు అతుక్కున్నాయి, పొదుగుశాల కవాటాలు భళ్లున తెరుచుకున్నాయి.

రానేవచ్చింది ఊరేగింపు! ముఖాన మూడు కొమ్ములు, మెడచుట్టూ అస్థిఛత్రం ధరించి ట్రైసెరటాప్స్ గజరాజగమనంతో నడిచింది. పది మీటర్ల రెక్కలు చాచి క్వెట్జల్‌కొయాట్లస్ గరుత్మంతుణ్ణి సవాలు చేసింది. కాళీయుడు సిగ్గుపడేలా మొససారస్ మడుగును చీల్చింది. భుజాలు పొట్టివైనా భుజబలగర్వం తరగని టైరనోసారస్ గర్జించింది. వెనుకటి రెండు ఆటల్లోనూ కానరాని వింత: తల్లుల వెంట తడబడు అడుగుల పసికూనలు! గాజుగోళరథాలెక్కిన సందర్శకులు ఆహాకారాలతో దొర్లిపోయారు.

అంతలో ప్రళయఝంఝామారుతం! కంచె కూలింది. రెక్సు వీధిన పడింది. సరిగ్గా అప్పుడే వంటింటి దిశనుంచి అశనిపాతంలాంటి ఆకాశవాణి: "ఒరే, అన్నం సల్లారిపోతంది!" ఇటు మాతృవాక్యం, అటు ప్రజారక్షణ! క్షణకాలం కురుక్షేత్రంలో కిరీటిలా నిశ్చేష్టుడై, మరుక్షణం హెలికాప్టరెక్కి, చక్రవర్తి మత్తుసూది సంధించాడు. ఒకటి గురితప్పింది. రెండోది తగిలింది. మహాకాయం నేలకొరిగింది, జయజయధ్వానాలు స్పీకర్లను చీల్చాయి.

విజయోత్సవవేళ బ్రాకియోసారస్ గూట్లో గుడ్డు చిట్లి, పొడుగుమెడ శిశువొకటి లోకాన్ని తొంగిచూసింది. నామకరణ ముహూర్తం! చక్రవర్తి కనుబొమలు ముడిపడ్డాయి. ఇంతటి కొలువులో అందరూ పరదేశపు దొరలే; మరి సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట మన ప్రాణహిత, గోదావరి లోయలో ముప్పై అడుగుల నిడివితో మెలగిన కోటసారస్ ఏదీ? ఆదిలాబాద్ సీమలో యామన్‌పల్లి దగ్గర ఎముకలై దొరికి, 1988లో శాస్త్రనామం పొంది, హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో అస్థిపంజరమై ఠీవిగా నిలిచిన ఆ తెలుగు మహాకాయుడికి పిలుపేదీ?

దశాంగుళులు కీబోర్డుపై మృదంగం వాయించాయి. కొలరాడో కొండల్లో వెలుగుచూసిన వంశం వాడైతేనేం, ఆ పసివాడు ఇకనుంచి 'యామన్‌పల్లి యువరాజు'! శాసనం సేవ్ అయింది. యువరాజు తొలి ఆకు నమిలాడు. టికెట్ల ధనరాశి గలగలా పెరిగింది. చక్రవర్తి విజయగర్వంతో, ఆకలితో, పప్పన్నంపై దండెత్తాడు.