తాళం పడిన మిద్దె

చీరాలలో బట్టల వ్యాపారులుండే వీధిలో పుట్టాను నేను. మా మిద్దెలన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండేవి. ఒకరి డాబా మీద మిరపకాయలు ఎండబోస్తే నాలుగిళ్లవాళ్లు తుమ్మేవాళ్లు. నా మేడగదిలో తేలియా రుమాళ్ల బేళ్లు ఉండేవి. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించిన ఆ నూలు వాసన గోడలకు పట్టేసింది. ఆ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లేవి.

చీరాల పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేశాక 4 వేల రూపాయల పన్ను 40 వేలయింది. మగ్గం మీద బతికే ఊరు అంత డబ్బు ఎక్కణ్నుంచి తెస్తుంది? 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద ఊరు ఊరంతా కదిలింది. సుమారు 15 వేల మందిలో 13 వేల మందికి పైగా ఇళ్లు వదిలి, పొలిమేర అవతల రామనగరమని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు.

ఆ రోజు మా ఇంటి పెద్దావిడ గడపకు పసుపు రాసింది. గూట్లో దీపం పెట్టింది. తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుని, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయింది. మిద్దెలో పుట్టిన పిల్లలు దాదాపు 11 నెలలు పాకల్లో ఎండకు ఎండి వానకు తడిశారు. నా గదుల నిండా దుమ్ము పేరుకుంది. అయినా నాకు దిగులు లేదు. నేను వద్దని వెళ్లారా ఏం? తల వంచలేక వెళ్లారు. గోపాలకృష్ణయ్యగారు జైలుకెళ్లారు, పోరాటం ఆగింది, జనం తిరిగొచ్చారు. పెద్దావిడ చీపురు పట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

ఇప్పుడూ నా తలుపుకు తాళమే ఉంది. కానీ ఇది వేరే తాళం. వాటాలు తెగని వారసులు వేసింది. వెళ్లేముందు ఒకాయన సున్నపు గోడల మీద సిమెంటు పూయించాడు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక నా ఒళ్లు పొరలు పొరలుగా రాలిపోతోంది. పడమటి గోడలో రావిమొక్క మొలిచింది. మొదట రెండాకులే, చేత్తో పీకితే వచ్చేసేది. ఈ ఏడు దాని వేరు నా మేడగదిలోకి దిగింది. పక్కింటిని పడగొట్టాక మా ఇద్దరి ఉమ్మడి గోడ ఒంటరిదై వానకు నానుతోంది. తలుపుల బేరగాడు వచ్చి టేకు ద్వారబంధాన్ని వేలితో తట్టి చూసి పోయాడు.

ద్వారబంధం ఇంకా గట్టిగానే ఉంది. దూలాల్లో రెండే పుచ్చాయి. నాయనలారా, వాటాల సంగతి తర్వాత చూసుకోండి. వానలు పడకముందే ఒక్కసారి వచ్చి ఆ రావిమొక్కను తీయించండి.