రెండో ఎపిసోడ్‌లోనే కనిపెట్టేశా

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగే జనాన్ని చూడండి. మెడలో ట్యాగు, వీపున బ్యాగు, కళ్ల కింద రెండు సంచులు. బ్యాగులో లాప్‌టాప్ ఉంటుంది. కళ్ల కింది సంచుల్లో ఆరు ఎపిసోడ్లు ఉంటాయి. శుక్రవారం ఏదైనా క్రైమ్ సిరీస్ కొత్త సీజన్ దిగిందంటే, సోమవారం మైండ్‌స్పేస్ మొత్తం నైట్ డ్యూటీ దిగిన పోలీస్ స్టేషన్‌లా ఆవులిస్తూ ఉంటుంది.

2025 జూన్ 20న ‘కేరళ క్రైమ్ ఫైల్స్’ రెండో సీజన్ వచ్చినప్పుడు నేనూ అలా ఆవులించినవాణ్నే. ఈ రకం సిరీస్‌లలో సీజన్ మారితే కేసు మారుతుంది. పాత శవాన్ని పాత చోటే వదిలేసి, కొత్త ఫిర్యాదుతో కొత్తగా మొదలుపెడతారు. ఇదేమీ మనకి కొత్త కాదు. భేతాళుడు చెట్టు మీంచి దిగిన ప్రతిసారీ కొత్త కథే చెప్పేవాడు. ‘కిందటి కథే బాగుంది భేతాళా’ అని విక్రమార్కుడు ఏనాడూ అనలేదు, పాపం. మన ప్రేక్షకుడికి అంత ఓర్పు లేదు. పాత సీజన్ శవాన్ని భుజాన వేసుకునే కొత్త సీజన్‌కి వస్తాడు. వచ్చీ రాగానే తీర్పు: “ఎంతైనా ఫస్ట్ సీజనేనండీ.”

ఆ ఫస్ట్ సీజన్ 2023 జూన్‌లో వచ్చింది. కొచ్చిలో ఒక లాడ్జి, అందులో ఒక హత్య, రిజిస్టర్లో ఒక దొంగ అడ్రసు. ఆ దొంగ అడ్రసు పట్టుకుని పోలీసులు ఊళ్లకి ఊళ్లు కాళ్లరిగేలా తిరుగుతారు. అప్పుడు మా ఆఫీసులో దాని గురించి అన్న మాట నాకు బాగా గుర్తుంది: “స్లో అండీ. వన్ పాయింట్ ఫైవ్‌లో పెట్టుకుని చూశా.” రెండేళ్లు తిరిగేసరికి ఆ నత్తనడకే క్లాసిక్ అయిపోయింది. ఇదొక్కటే కాదు, అన్నిటికీ ఇదే వరస. రెండోది వస్తే గాని మొదటిది గొప్పదవదు. మూడోది వచ్చాక రెండోదీ ‘అంత బ్యాడేం కాదు’ అవుతుంది.

ఇక మా పాంట్రీ సంగతి. ఆ సోమవారం కాఫీ మెషిన్ దగ్గర మొదటి మాట టెస్టింగ్ టీమ్ నుంచి వచ్చింది.

“నేను రెండో ఎపిసోడ్‌లోనే కనిపెట్టేశా.”

“నేను ఫస్ట్ ఎపిసోడ్ ఇంటర్వెల్‌కే” అన్నాడు డేటాబేస్ అతను. వెబ్ సిరీస్‌కి ఇంటర్వెల్ ఉండదని ఎవరికీ తట్టలేదు.

“నాకు ట్రైలర్లోనే డౌటొచ్చింది” అంది హెచ్చార్ అమ్మాయి.

“నాకు పోస్టర్లో” అన్నారు మేనేజరుగారు. మేనేజరుగారి నోట వచ్చాక ఇక పాట ముగిసినట్టే. 2023 ఆగస్టులో ఎకరం వంద కోట్లు దాటిన కోకాపేట వేలం కూడా ఇంత చప్పున తేలి ఉండదు.

నేను మెల్లగా అడిగాను: “ఇంతకీ ఈ సీజన్లో పోలీసులు వెతుకుతున్నది కనబడకుండా పోయిన సాటి పోలీసాయన్ని కదా? హంతకుడు ఎక్కణ్నుంచి వచ్చాడు?”

“అదేనండీ, ఆయన్నే కనిపెట్టేశా” అంది టెస్టింగ్ టీమ్.

ఇదే టీము, ప్రొడక్షన్ సర్వరు పడిపోతే ఎవరి కోడ్ వల్ల పడిపోయిందో నాలుగు రోజులు కనిపెట్టలేదు. ఐదో రోజున ‘మూల కారణం: పరిస్థితులు’ అన్న అర్థం వచ్చేలా రెండు పేజీల మెయిలు పెట్టి, దాని కింద పన్నెండు మంది పేర్లు రాసి కేసు మూసేశారు. తెర మీద పోలీసుకి మాత్రం ఆరు ఎపిసోడ్లు ఎందుకు పట్టాయో వీళ్లకి సమాధానం కావాలి. లాగిన్ పేజీలో ఒక బటన్ రంగు మార్చడానికి మూడు స్ప్రింట్లు తీసుకున్నవాడే “స్క్రీన్‌ప్లే టైట్‌గా లేదు” అంటాడు.

విదేశీ సిరీస్ అయితే భక్తి ఇంకాస్త ముదురుతుంది. 2024 జనవరిలో ‘ట్రూ డిటెక్టివ్’ నాలుగో సీజన్ వచ్చింది. అలాస్కా చలి, నెలల తరబడి తెల్లవారని రాత్రి, జోడీ ఫాస్టర్. న్యూయార్క్‌లో ఆదివారం రాత్రి తొమ్మిదంటే మనకి సోమవారం పొద్దున ఏడున్నర. అంటే ఆ మంచులో గడ్డకట్టిన శవాలు, గచ్చిబౌలి హాస్టళ్లలో ఉప్మా ఒకేసారి బయటికొచ్చేవి. ఎనిమిదింటి స్టాండప్ కాల్‌లో సగం మంది కెమెరాలు ఆపేసి “నెట్‌వర్క్ ఇష్యూ” అనేవాళ్లు. కాల్ అయ్యేసరికి గ్రూపులో స్పాయిలర్. పదేళ్ల కిందట 2014లో వచ్చిన మొదటి సీజన్ మీద ప్రమాణం చేసి, ఈ కొత్తది అసలు ఆ పేరుకే తగదని తేల్చేసేవాళ్లు. ఆ మొదటి సీజన్ వచ్చిన ఏడాది వీళ్లలో సగం మంది ఎంసెట్ కోచింగ్‌లో ఉన్నారు.

స్పాయిలర్ అనే జబ్బు మటుకు ఈ తరం కనిపెట్టింది కాదు. మా నాన్న తరంలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు దొరికేవి. ప్రతి నవలా ఒక కొత్త కేసు. అద్దె పుస్తకంలో ఏడో పేజీలోనే ఎవడో ఒక పాత్ర పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ‘వీడే’ అని రాసిపెట్టేవాడట. నాన్న ఆ గీతను రబ్బరుతో చెరిపి మరీ చదివేవాడు. ఒకసారి చివరిదాకా చదివితే తెలిసింది, వాడు కాదని. ఆ పెన్సిల్ పట్టిన చేతి వారసులే ఇవాళ మా ఆఫీసు గ్రూపులో అడ్మిన్లు.

మనవాళ్లు మరీ పట్టుబట్టేది లాజిక్ దగ్గర. శైలేష్ కొలను ‘హిట్’ సినిమాలు చూశారుగా, కేసుకో హీరో. 2020లో వచ్చిన మొదటి కేసులో అమ్మాయి కనబడకుండా పోయేది మన ఔటర్ రింగ్ రోడ్డు మీదే. “ఓఆర్ఆర్ మీద మనిషి తప్పిపోవడం ఏంటండీ, లాజిక్ లేకుండా” అన్నాడొక మిత్రుడు. నానక్‌రామ్‌గూడ దగ్గర ఎగ్జిట్ దాటేసి, నార్సింగి దాకా వెళ్లి తిరిగి రావడం అతనికి వారానికి రెండుసార్లు మామూలే.

సీసీ కెమెరాలదైతే ఇంకో కథ. తెర మీద ఏ కేసులోనైనా ఫుటేజీ దొరక్కపోతే మా వాళ్లు ఒప్పుకోరు. మొన్న మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నా హెల్మెట్ పోయింది. నా బండికి సరిగ్గా ఎదురుగా కెమెరా. డిటెక్టివ్ మొహం పెట్టుకుని వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి ఫుటేజీ అడిగాను. అతను నా వంక జాలిగా చూశాడు.

“గది ఉత్త డబ్బా సార్. లోపట ఏం లేదు. దొంగలు భయపడాలని పెట్టిన్రు.”

“మరి దొంగకి ఈ సంగతి తెలిసినట్టుందే?”

“దొంగకు తెలుసు సార్. తెల్వంది మీకే.”

2025 నవంబరులో ‘ఢిల్లీ క్రైమ్’ మూడో సీజన్ కూడా వచ్చేసరికి పాంట్రీలో ఒక ఆవేదన బయల్దేరింది. కేరళకి ఫైల్స్ ఉన్నాయి, ఢిల్లీకి ఇంటర్నేషనల్ ఎమ్మీ కూడా ఉంది, మన హైదరాబాద్‌కి ఏముంది? మన దగ్గర నేరాల్లేవా? ఉంటే తీసేవాడు లేడా?

తీశారు బాబూ. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్’ అని మనిషికో కథ చొప్పున తీశారు. మాల్యా, నీరవ్ మోదీ, సుబ్రతా రాయ్, నాలుగోది మన సత్యం రామలింగరాజు గారిది. హైదరాబాద్ సివిల్ కోర్టు స్టే ఇవ్వడంతో 2020 అక్టోబరులో మిగతా మూడూ వచ్చాయి, మనది ఆగింది. అలా హైటెక్ సిటీ తన కథ తప్ప అందరి కథలూ చూసింది.

అయినా ఆ కథని స్క్రిప్టుగా పట్టుకెళితే మా పాంట్రీ పాస్ చేసేదా అని నా అనుమానం. విప్రో, ఇన్ఫోసిస్‌ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న కంపెనీ. యాభై వేల పైచిలుకు ఉద్యోగులు. లెక్కల పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆడిటర్లు చూశారు, బోర్డులో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూర్చున్నారు, ఏళ్ల తరబడి ఒక్కడూ బ్యాంకుకి ఫోన్ చేసి “బ్యాలెన్సెంత నాయనా” అని గట్టిగా అడగలేదు. లాజిక్ ఉందా? లేదు. క్లైమాక్స్ ఇంకా ఘోరం. డిటెక్టివ్ అక్కర్లేకుండా, 2009 జనవరి 7న చైర్మన్‌గారే స్వయంగా ఉత్తరం రాసి ఒప్పేసుకున్నారు. పులి మీద స్వారీ అన్నారు, దిగడం తెలియలేదన్నారు. ఇలా ముగిస్తే “రైటర్‌కి ఓపిక అయిపోయినట్టుంది” అనరూ?

క్లూ కూడా కళ్లెదురుగానే ఉంది. 2008 డిసెంబరు 16న సత్యం కొనబోయి, కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గిన కంపెనీల పేరు మేటాస్. ఆ పేరుని ఇంగ్లిషు అక్షరాల్లో వెనక నుంచి చదవండి. చదివారా? హైదరాబాద్‌లో ఏళ్లపాటు హోర్డింగుల మీద అంతెత్తు అక్షరాల్లో వేలాడిన క్లూ అది. దాని కిందే ట్రాఫిక్‌లో ఆగిన ఇంజనీర్లెవరూ రెండో ఎపిసోడ్‌లో కనిపెట్టలేదు. జనవరి 8 పొద్దున మాత్రం, నాకు బాగా జ్ఞాపకం, మాదాపూర్ టీ బడ్డీల దగ్గర ప్రతివాడూ “నాకు ముందే డౌటు” అన్నవాడే. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పదిమందికి శిక్ష వేసింది, రాజుగారికి ఏడేళ్లు. ఆ మరుసటి నెలలోనే శిక్ష నిలుపుదల, బెయిలు. అప్పటికి ప్రేక్షకులు ఇంకో సిరీస్‌కి వెళ్లిపోయారు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. చెప్పకూడదనే అనుకున్నాను.

ఒక ఆదివారం రాత్రి ఢిల్లీ కేసు మూడో ఎపిసోడ్‌లో ఉండగా ఫోనొచ్చింది. నా పేరు మీద విదేశానికి వెళ్తున్న పార్శిల్లో మాదకద్రవ్యాలు దొరికాయట. నిమిషంలో వీడియో కాల్. తెర మీద యూనిఫాం, భుజాన నక్షత్రాలు, వెనక జాతీయ జెండా, పైన తిరుగుతున్న ఫ్యాను. టీవీలో ఆగిపోయిన పోలీసు ఒకవైపు, ఫోన్లో మాట్లాడుతున్న పోలీసు ఒకవైపు. నిజం చెప్పొద్దూ, రెండోవాడే బాగా నటించాడు. “గది తలుపు వేసుకో. ఎవరికీ చెప్పకు. నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు” అన్నాడు. లేచి తలుపు వేశాను. ఆధార్ నంబరు అడిగితే చెప్పాను. ఏ బ్యాంకులో ఎంతుందో చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. పదేళ్లుగా చూసిన సీజన్లన్నీ ఆ పూట ఎటు పోయాయో, ఒక్క డౌటు రాలేదు.

గడియ సరిగా పడలేదులా ఉంది, అమ్మ మంచినీళ్ల చెంబుతో లోపలికొచ్చింది. అమ్మ క్రైమ్ సిరీస్‌లు చూడదు. ఫోన్లోకి తొంగి చూసి, “ఎవర్రా ఇతను?” అంది.

“ముంబయి పోలీసమ్మా, ఉండు.”

“స్టేషన్లో కుర్చీలో కూర్చున్నవాడికి నెత్తిన టోపీ ఎందుకురా? మీ మావయ్య ముప్పై ఏళ్లు హెడ్డుగా చేశాడు. కూర్చోగానే ముందు టోపీ తీసి బల్ల మీద పెట్టేవాడు, చెమట పట్టి చస్తున్నానని.”

అవతలివాడి చెయ్యి అసంకల్పితంగా టోపీ మీదికి వెళ్లింది. అమ్మ వేలు ఎర్ర బటన్ మీదికి వెళ్లింది. అంతే. సబ్‌స్క్రిప్షన్ లేదు, సబ్‌టైటిల్స్ లేవు, కేసు క్లోజ్.

మర్నాడు పాంట్రీలో ఇదంతా కాస్త మార్చి చెప్పాను. అమ్మని తీసేశాను. “రెండో నిమిషంలోనే కనిపెట్టేశా” అన్నాను. అందరూ నవ్వారు. ఇలాంటివాటికి ఎవరైనా ఎలా పడతారండీ, లాజిక్ లేకుండా, అన్నారు. డేటాబేస్ అతను మాత్రం నవ్వలేదు. సాయంత్రం లిఫ్ట్ దగ్గర ఎవరూ లేకుండా చూసి అడిగాడు: “మిమ్మల్ని ఎంత అడిగారన్నా?”

“అడిగేదాకా రానివ్వలేదు మా అమ్మ” అన్నాను, ఈసారి ఉన్నదున్నట్టు.

అతను తలాడించాడు. లిఫ్ట్ వచ్చింది, ఎక్కలేదు. ఎంత పోయిందో అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఇంట్లో ఇంకా తెలియదన్నాడు. కొంపల్లి దగ్గర బుక్ చేసిన ఫ్లాట్ క్యాన్సిల్ చేసుకుంటున్నాడని ముందే విన్నాను. లోను రాలేదేమో అనుకున్నాం అందరం. ఆ మాట కూడా మేం రెండో ఎపిసోడ్‌లోనే తేల్చేశాం.

వీడియో కాల్‌లో అరెస్టు చేయడమన్నది మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది ఇంకో ఖాతాకి దాటకముందే బ్యాంకులో ఆపే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. అతను సిగ్గుపడి మూడో రోజున చేశాడు.