గుండె నాకుంచండి: కంటకవిమోచనీ వ్యాఖ్యాసహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే ప్రతిజ్ఞ చేసి మరీ గంటం పట్టాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి ప్రతిజ్ఞల జోలికి పోడు. అక్కర్లేనిదంతా తీసేస్తే ఆర్టిచోక్‌లో మిగిలేది అరచేతిలో సగం. నా వ్యాఖ్యలో అంత కూడా మిగలదు.

పూర్వ వ్యాఖ్యాతల దగ్గర నేర్చుకున్న అలవాటు మాత్రం ఒకటుంది. బళ్ళో పిల్లాడికైనా తెలిసే మాటకు రెండు పుటలు రాస్తారు. చదువరి నిజంగా తల పట్టుకునే చోటికి వచ్చేసరికి “స్పష్టం” అని ఒక్క మాట పడేసి తర్వాతి శ్లోకానికి వెళ్ళిపోతారు. అదీ పాండిత్యమంటే.

మూలగ్రంథం మా ఫ్రిజ్ తలుపు మీద, తిరుపతి వెంకన్న బొమ్మ అయస్కాంతం కింద లభ్యం. పసుపు చీటీ, నీలి సిరా, ఒకే ప్రతి. గ్రంథకర్త్రి నా ధర్మపత్ని. రచనాకాలం ఏప్రిల్‌లో ఒక శనివారం, పొద్దున ఎనిమిదికి ముందు; ఎనిమిదికి ఆవిడ ఆసుపత్రి డ్యూటీకి బయల్దేరింది. రచనాస్థలం కాలిఫోర్నియాలో శాన్ హోసే ఊరి అంచున, పెరడున్న ఇల్లు.

మూలం

“ఏమండీ, పైది ఇవాళే కోసేయండి. రేపటికాగదు. ముళ్ళు జాగ్రత్త. నిమ్మకాయ మరవద్దు. ముప్పావుగంట. గుండె నాకుంచండి.”

వ్యాఖ్య

ఏమండీ: సంబోధన. పేరు లేదు. అయినా ఇది ఎవరిని ఉద్దేశించిందో ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ సందేహం రాలేదు కనుక ముందుకు పోదాం.

పైది: విశేషణం ఉంది, విశేష్యం లేదు. పైది అంటే ఏది? అటక మీది డబ్బానా, అలమరలో పై అర మీదిదా? ముందున్న “కోసేయండి” అనే క్రియను బట్టి అది కోతకు లొంగేదై ఉండాలి. మా పెరట్లో ఆ వారం కోతకొచ్చింది ఆర్టిచోక్ ఒక్కటే. నడిమి కాడ చివర కూర్చున్న తల్లిమొగ్గ “పైది”. దాని కింద పక్కకొమ్మలకు పిల్లమొగ్గలు రెండు. ఎప్పుడైనా తల్లిమొగ్గే ముందు ముదురుతుంది, అదే అన్నిటికన్నా పెద్దది. ఈ సంగతి చివర అవసరపడుతుంది.

దీన్ని కాయ అనుకునేవాళ్ళున్నారు. కూరగాయల అంగట్లో అమ్ముతారు కాబట్టి ఆ పొరపాటు సహజం. నిజానికిది విచ్చని పువ్వు. ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి శీర్షవద్విన్యాసం, పరిచక్రపుచ్ఛావళి అనే మాటలు పీడకలల్లోనైనా వినిపించే ఉంటాయి. అవే ఇవి. పొద్దుతిరుగుడు, బంతి, చామంతి ఉన్న కుటుంబమే దీనిదీనూ. మన మెట్టపొలాల్లో ముళ్ళతో నిలబడే కుసుమ మరీ దగ్గరి చుట్టం. ఒకదాని మీద ఒకటి కప్పుకున్న ఆ ఆకుపచ్చ పొలుసులు రేకులు కావు, పుచ్ఛాలు. శాస్త్రానికి నమస్కరించి ఇకపై రేకులనే అందాం.

ఇక నిరుక్తం. అరబ్బుల ఖర్షూఫ్‌కు ముందు “అల్” చేరి స్పెయిన్‌లో అల్కచోఫా అయింది. ఇటలీలో కార్చోఫో. ఉత్తర ఇటలీ వాళ్ళ నోట ఆర్తిచోక్కో అయి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులో ఆర్టిచోక్‌గా స్థిరపడింది. ఇంగ్లీషులో “చోక్” అంటే గొంతుకు అడ్డం పడటం గనుక, లోపల దాగిన నూగుకే చోక్ అని పేరు పెట్టేశారు. అంటే పేరులోంచి అవయవం పుట్టింది. హిందీలో దీన్ని హాథీచక్ అంటారు. ఏనుగుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. జెరూసలెం ఆర్టిచోక్ అని మరొకటుంది. అది జెరూసలెందీ కాదు, ఆర్టిచోకూ కాదు. పొద్దుతిరుగుడు జాతి దుంప. తెలుగులో దీనికి వాడుక పేరంటూ లేదు. వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ, “తామరమొగ్గకి మొసలి తోలు తొడిగినట్టుందేంట్రా” అంది. ఇంతకన్నా మంచి లక్షణవాక్యం నాకు దొరకలేదు.

మొక్క కథ. గింజ నాటితే తల్లి పోలిక రాదని, అరటికి లాగే పిలక తీసి పాతాలని పక్కింటి ఇటలీ పెద్దావిడ చెప్పి, తన దొడ్లోంచి ఒక పిలక తవ్వి ఇచ్చింది. నాలుగడుగుల చోటు వదలమంటే నవ్వుకున్నాం. రెండో ఏటికి అది మూడడుగుల బూడిదరంగు ఆకులు పరుచుకుని, మా కొత్తిమీర మడినీ, నేను కూర్చునే కుర్చీనీ ఆక్రమించుకుంది. మొగ్గ తొడగాలంటే లేతప్రాయంలో కొన్నాళ్ళపాటు 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగువ చలి తగలాలి. కాబట్టి విజయవాడ దొడ్లో దీన్ని పెంచుదామనుకునే వాళ్ళు ఆకులు చూసి ఆనందించడానికి సిద్ధపడాలి. లేత మొగ్గల సందుల్లో పేనుబంక పడుతుంది, దాని తీపి కోసం చీమలు బారు కడతాయి. గట్టిగా నీళ్ళు కొడితే రెండూ పోతాయి, మూడో రోజుకు రెండూ వస్తాయి. నేల లోపలి శత్రువు గోఫర్. మన పందికొక్కుకు అమెరికా తమ్ముడు. మా మొదటి పిలక వేరును ఇది పూర్తిగా ఆరగించింది. రెండో పిలకను తీగవల బుట్టలో పెట్టి పాతాం. ఇప్పుడున్నది అదే.

ఈ పంటకు మహాక్షేత్రం మాకు గంట దూరంలోని కాస్ట్రోవిల్. పసిఫిక్ మీంచి వచ్చే చల్లని పొగమంచు నమ్ముకుని 1922 ప్రాంతంలో ఇటలీ రైతులు అక్కడ సాగు మొదలెట్టారు. అమెరికాలో పండే ఆర్టిచోకులు దాదాపు అన్నీ కాలిఫోర్నియావే. ఊళ్ళోకి అడుగుపెడితే వీధికి అడ్డంగా, ఇది ప్రపంచ ఆర్టిచోక్ కేంద్రమని చాటే బోర్డు ఉంటుంది. 1948లో అక్కడ ఒక వర్ధమాన సినీతారకు ఆర్టిచోక్ రాణి అని బిరుదిచ్చారు. ఆవిడే మార్లిన్ మన్రో. ఈ రాణిగారి చరిత్ర ఇంకా కొంత రాయవచ్చు గానీ, మూలకర్త్రికి అది రుచించదు.

రేపటికాగదు: రేపటికి + ఆగదు. ఇకారసంధి. ఏమ్యాదుల్లో “కి” చేరి ఉంది కనుక సంధి వైకల్పికం. సంధి వైకల్పికమే గానీ కోత కాదు. రేకులు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని ఉండగానే, రెండు మూడు అంగుళాల కాడతో కోయాలి. తాజా మొగ్గను పిడికిట్లో నొక్కితే కొత్త చెప్పులా కిర్రుమంటుంది. రేకులు విడివడ్డాయంటే పీచు, లోపల నూగు, పైన పశ్చాత్తాపం. నిరుడు ఒకదాన్ని నేను రేపటికి ఆపాను. అది ఎల్లుండికీ, ఆపై వారానికీ ఆగి, పళ్ళెమంత వంగపండు రంగు పువ్వై విచ్చుకుంది. వీధిలోని తేనెటీగలన్నీ వచ్చాయి. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పువ్వు దండగేమీ కాదని అప్పుడు వాదించాను కూడా: దీని దాయాది కార్డూన్ పువ్వుతో పోర్చుగల్‌లో పాలు విరిచి సెర్రా ద ఎస్త్రేలా అనే జున్నుగడ్డ చేస్తారు. వాదన నెగ్గలేదు.

ముళ్ళు జాగ్రత్త: ప్రతి రేకు కొనకూ ఒక ముల్లు. ముళ్ళు లేని రకాలున్నాయట, మా పక్కింటావిడకు వాటి మీద గౌరవం లేదు. రోమన్ పండితుడు ప్లినీ, పశువులు కూడా తప్పుకుపోయే ముళ్ళమొక్కను మనుషులు డబ్బు పోసి పెంచుతున్నారని తన గ్రంథంలో ఈసడించుకున్నాడు. రెండువేల ఏళ్ళ నాటి మాట. ఆ ఈసడింపును ఎవరూ పట్టించుకోలేదు, ఆయన దేశస్థులు మరీనూ. విధానం: కత్తితో పైన అంగుళం మేర తల తీసేయాలి. మిగిలిన రేకుల కొనలు కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించాలి. “జాగ్రత్త” అన్నది వేళ్ళకు వర్తిస్తుందా, కత్తెరకు వర్తిస్తుందా అని మీమాంస. ఆ కత్తెర ఆవిడ జాకెట్లు కుట్టుకునేది. రెండో అర్థమే బలీయం.

నిమ్మకాయ మరవద్దు: కోసిన చోటల్లా గాలి తగిలి నిమిషాల్లో నల్లబడుతుంది. వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో, అరటిపువ్వు తరుగును మజ్జిగ నీళ్ళలో వేసే ఇంట్లో పుట్టినవాడికి ఇది వివరించనక్కర్లేదు. అరటిపువ్వుకూ దీనికీ పోలిక అక్కడితో ఆగదు. రెండూ మొగ్గలే, రెంటికీ డొప్పలు ఒలవాలి, రెంటిలోనూ తీసి పారేయాల్సిందే ఎక్కువ. “మరవద్దు” అన్న నిషేధం వల్ల ఒకప్పుడు మరిచాడని ధ్వని. అవును, మరిచాను. ఇనుప కత్తిపీటతో కోసి, అల్యూమినియం గిన్నెలో ఉడికించాను కూడా. వచ్చిన రంగును వర్ణించడానికి నవరసాల్లో బీభత్సం సరిపోదు.

ముప్పావుగంట: క్రియ లేదు. ఉడికించాలా, ఎదురు చూడాలా? ఆవిరి పెట్టాలని సంప్రదాయం. మొగ్గ చిన్నదైతే అరగంట చాలు. రేకు పట్టుకు లాగితే అడ్డు చెప్పకుండా ఊడి రావాలి, అదే పరీక్ష. మా ఇడ్లీ కుక్కర్‌లో ఇడ్లీ ప్లేట్లు తీసేసి, అడుగున తలకిందులుగా బోర్లిస్తాను. ఇడ్లీపాత్రకు ఈ దేశంలో ఇంతకన్నా గౌరవం దక్కిన సందర్భం నాకు తెలియదు.

తినే విధం మూలంలో లేదు. అయినా చెప్తాను. రేకు ఊడబెరికి, దాని అడుగున ఉన్న కాస్త కండను పళ్ళ మధ్య పెట్టి లాగాలి. తక్కినది పారేయాలి. ఇక్కడివాళ్ళు ఈ కళను నేర్చుకోవడానికి ఇబ్బంది పడటం చూశాను. సాంబారులో మునక్కాడ ఎరిగినవాడికి గురువు అవసరం లేదు. వాళ్ళు కరిగిన వెన్నలోనో మయొనీజ్‌లోనో ముంచుతారు, నేను వెల్లుల్లి కారం కలిపిన నేతిలో ముంచుతాను. రోములోని పాత యూదుల వాడలో మొగ్గను మొత్తం నూనెలో రెండుసార్లు వేయించి, కరకరలాడే పువ్వులా విప్పుతారు. మనవాళ్ళు బజ్జీలని పేరు పెట్టి ఏనాడో చేయవలసిన పని.

తింటూ మధ్యలో మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయి. దీనిలోని సైనరిన్ వంటి పదార్థాలు నాలుకను మోసపుచ్చడం వల్ల అలా అనిపిస్తుందని 1972లో సైన్స్ పత్రికలో పరిశోధకులు రాశారు. ఉసిరికాయ కొరికి బోరింగు నీళ్ళు తాగిన ప్రతి తెలుగు పిల్లాడూ ఇలాంటి ప్రయోగం చేసినవాడే, పత్రికకు పంపలేదంతే.

గుండె నాకుంచండి: గ్రంథానికంతటికీ ప్రాణం ఇక్కడుంది. రేకులన్నీ అయిపోయాక నూగు బయటపడుతుంది. ఇంకా విచ్చని చిట్టి పూలవి. చెంచాతో గీకి పారేస్తే అడుగున మిగిలేది పుష్పాసనం. వెన్నలాంటి ముద్ద. దాన్నే గుండె అన్నారు. రేకుల సంగతి మూలంలో ఎక్కడా ఎత్తలేదు. నిషేధం లేనిచోట అనుమతి ఉన్నట్టే గనుక వాటినన్నిటినీ నేను ముగించాను. ఈ పంక్తులు రాస్తుండగా గుండె ఎదుట ప్లేటులో ఉంది.

నాకు + ఉంచండి. ఉకారసంధి. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. “నాకు” అన్నది ధాతువు, నాకడానికి ఉంచండని అర్థం అని ఒక దుష్టపాఠం ఉంది. అది అనాదరణీయం. షష్ఠీ విభక్తితో కూడిన ఉత్తమపురుష సర్వనామమే గ్రాహ్యం. సరే. ఉత్తమపురుష ఎవరు?

పూర్వపక్షం: రాసినవారు. సమాధానం: రాసినవారు ఇంట్లో లేరు. వాక్యానికి అర్థం ఉచ్చారణ వేళ పుడుతుంది. ఇప్పుడీ వాక్యాన్ని ఉచ్చరిస్తున్నది నేను. “గుండె నాకుంచండి” అని నేను పైకి చదివినప్పుడు ఆ “నాకు” ఎవరిని చెబుతుంది? వంటింట్లో ఒక్కడినే నిలబడి మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నన్నే చెప్పింది.

మళ్ళీ పూర్వపక్షం: ఇది పరద్రవ్యాపహరణం. సమాధానం: ఈ పదార్థం దగ్గర లోకం ముందునుంచీ అలాగే నడిచింది. న్యూయార్క్‌లో చీరో టెరనోవా అనే ముఠా నాయకుడు కాలిఫోర్నియా నుంచి వచ్చే ఆర్టిచోకులన్నీ గుప్పిట పెట్టుకుని అమ్మేవాడు. 1935 డిసెంబరులో మేయర్ లా గార్డియా తెల్లవారకముందే బజారుకు వెళ్ళి, బూరలు ఊదించి మరీ, ఊళ్ళో వాటి అమ్మకాన్ని నిషేధించాడు. నిషేధం మూడు రోజులు నిలిచింది. ఆ మేయరుకు కూడా ఆర్టిచోకులంటే ప్రాణమట. నిషేధించినవాడే ఆగలేకపోతే, చల్లారిపోతున్న దాన్ని ఎదుట పెట్టుకుని వ్యాఖ్య రాస్తున్నవాడు ఎంతసేపు ఆగగలడు?

పైన చెప్పిన నీళ్ళ సంగతి మరోసారి పరీక్షించాను. తియ్యగానే ఉన్నాయి.

ఉత్తరగ్రంథం

మర్నాడు ఆదివారం పొద్దున అదే అయస్కాంతం కింద రెండో చీటీ కనిపించింది. సిరా ఎరుపు.

మూలం: “పక్కవి రెండున్నాయి. రెండూ నేనే కోసుకుంటాను. మీరు కుర్చీ కూడా ముట్టుకోవద్దు.”

వ్యాఖ్య: స్పష్టం.