ఏడు రోడ్ల విదేశాంగ మంత్రి

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో పొద్దున్న ఆరున్నరకి టీ తాగే అలవాటున్నవాడికి ప్రపంచం ఎటు పోతోందో తెలియకపోవడమంటూ ఉండదు. అడక్కపోయినా చెప్పే మనిషి అక్కడున్నాడు. ఊళ్లో ఆయన్ని భూగోళం మాష్టారంటారు. సోషల్ చెప్పి రిటైరయ్యాడు. పటాలు బళ్లోనే వదిలేశాడు గానీ బెత్తం పట్టిన చెయ్యి మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ చెయ్యి గాల్లోకి లేస్తుంది. వేలి చివర ఒకరోజు ఉక్రెయిన్ ఉంటుంది, ఒకరోజు తైవాన్ ఉంటుంది. వేలి కింద ఎవడి గ్లాసు ఉంటే వాడు జాగ్రత్తగా పక్కకి జరుపుకుంటాడు.

ఇలాంటి మాష్టారు లేని ఊరు మా రెండు జిల్లాల్లో లేదు. పలాసాయన ప్రపంచాన్ని జీడిపిక్కలోంచి చూస్తాడు: ఆఫ్రికా నుంచి పిక్కలు ఎప్పుడొస్తాయి, వియత్నాం వాడు పప్పు ఎంతకిస్తున్నాడు. రాజాం వైపు ఆయనకి జనపనార ముఖ్యం. ఢాకాలో ప్రభుత్వం పడిపోతే రాజకీయాల సంగతి తర్వాత, ముందు గోనెసంచి ధరెంత అని అడుగుతాడు. వాళ్లిద్దరివీ లెక్కలు. మా భూగోళం మాష్టారిది సిద్ధాంతం. ప్రపంచంలో ఇంతవరకూ ఒకటే యుద్ధం జరిగింది, అది బొబ్బిలి యుద్ధం, మిగిలినవన్నీ దాని రీప్రింట్లు అని ఆయన నమ్మకం.

"ఇందులో బుస్సీ ఎవరు?" పేపరు మడిచి, మొదట ఈ ప్రశ్న వేస్తాడు. అమెరికా అన్నామా, పప్పులో కాలేసినట్టే. "దేశం పేరు కాదురా, వేషం పేరు సెప్పు!" గ్రాంథికంలో మొదలెట్టే మనిషి, కోపమొస్తే సొంత యాసలోకి దిగిపోతాడు. ఫిరంగులున్నవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. పక్కింటివాడి మీద పగ తీర్చుకోడానికి ఆ ఫిరంగులు అరువు తెచ్చుకున్నవాడు విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు. కోటలోంచి కదలనన్నవాడు బొబ్బిలి రాజు రంగారావు. 2022 నుంచి జెలెన్‌స్కీకి ఆయన రంగారావు వేషమే ఇచ్చాడు. ఫిరంగులు అడిగి తెచ్చుకున్న రోజుల్లో మాత్రం విజయరామరాజు వేషం.

నవ్వొస్తుంది గానీ, ఆయన చెప్పే కథలో చిల్లు పెట్టడం కష్టం. 1753లో దక్కను సుబేదారు సలాబత్‌జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్లకి రాసిచ్చేశాడు. అందులో మన చికాకోల్, అంటే ఈ శ్రీకాకుళం కూడా ఉంది. ఇక్కడి ఫౌజుదారు జాఫర్ అలీకి అది నచ్చలేదు. విజయనగరం రాజుని కలుపుకున్నాడు. ఫ్రెంచివాడు రాజుకి తక్కువ కౌలుకి సీమ ఇస్తామన్నాడు. రాజు అటు దూకాడు. జాఫర్ అలీ నాగపూరు మరాఠాల్ని పిలిచాడు. "ఇప్పుడు సెప్పండి, టర్కీ వాడు ఒక చేత్తో రష్యా దగ్గర క్షిపణులు కొని, ఇంకో చేత్తో నాటోలో కూర్చున్నాడని ఆశ్చర్యపోతారేటి?"

ఆ వెనకాలది అందరికీ తెలిసిందే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. మూడు రాత్రుల తర్వాత బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి విజయరామరాజుని పొడిచేశాడు. సినిమాలూ బుర్రకథలూ అక్కడితో ఆపేస్తాయి. మాష్టారికి అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్ల మీద అలిగి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. మద్రాసు వాళ్లు రాలేదు. కలకత్తా నుంచి క్లైవు కర్నల్ ఫోర్డుని పంపాడు. సైన్యం ఖర్చులకి రాజు నెలకి 50,000 రూపాయలు ఇవ్వాలి. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఫోర్డు చెయ్యి చాపాడు. రాజు ఇదిగో అదిగో అన్నాడు. డబ్బు లేక దండు ముందుకి కదలక వారాలు గడిచాయి. నాటో వాళ్లు చందా కట్టడం లేదని ట్రంప్ అరిచిన రోజు మాష్టారు టీ కూడా తాగలేదు, ఆనందంతో. "విన్నారా! ఫోర్డు మాట! అక్షరం తేడా లేదు!"

పైగా అప్పుడు యూరప్‌లో జరిగింది కూడా ఇదే తంతు. 1756లో, తరతరాల శత్రువులు ఆస్ట్రియా, ఫ్రాన్సు వియ్యమందుకున్నాయి. ఆస్ట్రియాతో తిరిగే ఇంగ్లండు ప్రష్యా చెయ్యి పట్టుకుంది. ఏడేళ్లు కొట్టుకున్నారు. ఆ జగడంలో ఒక ముక్క వచ్చి మన చందుర్తి చేలల్లో పడింది. బుస్సీ ఊరు ఎక్కడో, ఫోర్డు ఊరు ఎక్కడో, తొక్కేసింది మాత్రం మన వరి.

ఆయన బాల్యం కూడా రెండు కూటముల మధ్యే గడిచింది. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలాక మేనమామ ఇల్లు రష్యా అయింది, పెదనాన్న ఇల్లు చైనా అయింది. మేనమామ ఇంట్లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, నున్నటి కాగితం, చవక. పెదనాన్న ఇంట్లో పీకింగ్ రేడియో. పండక్కి రెండు ఇళ్లకీ వెళ్లాలంటే అక్కడి అరిసెలు ఇక్కడ బాగున్నాయని చెప్పకూడదు. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన నవ్విస్తాడు. తర్వాతి ముక్కకి చెయ్యి కిందికి దించేస్తాడు. చైనా ఛైర్మనే మా ఛైర్మన్ అని నమ్మి ఈ కొండల్లోకి వెళ్లినవాళ్లు చాలామంది తిరిగిరాలేదు. వాళ్ల నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో పోయారు. 1972 ఫిబ్రవరిలో ఆ ఛైర్మన్ మావో నిక్సన్‌తో చెయ్యి కలిపాడు. ఫొటో పేపర్లో వచ్చిన రోజు పెదనాన్న పేపరు తెచ్చినవాడిని తిట్టాడట.

ఆ వయసులో అది చూసినవాడు ఏ దేశాన్నయినా ప్రేమిస్తాడని అనుకోను. ఆయన ప్రేమించడు. అందుకే కొట్టులో ఎవరైనా "మన ఫ్రెండు రష్యా" అంటే ఒళ్లు మండుతుంది. "ఫ్రెండేటి, నీకు పెళ్లికి సదివింపులు రాయించాడేటి?" దేశాలు మన దగ్గరికొచ్చే తీరు ఆయన లెక్కలో వేరు. 2008లో అమెరికాతో అణు ఒప్పందం అయ్యాక, ఆడపిల్లలకి పసుపు కుంకుమ కింద పొలం రాసినట్టు, రష్యాకి ముందునుంచీ ఉన్న కూడంకుళం, ఫ్రాన్సుకి జైతాపూర్, అమెరికాకి మన రణస్థలం మండలం కొవ్వాడ. ఆరు రియాక్టర్లు, ఒక్కోటీ 1208 మెగావాట్లు. కట్టాల్సిన వెస్టింగ్‌హౌస్ 2017లో తనే దివాలా పిటిషన్ వేసింది. కొవ్వాడలో ఇంతవరకూ ఒక్క రియాక్టరూ లేవలేదు. "కొవ్వాడ వాడిని ఊరు ఖాళీ చెయ్యమన్నారు, వాషింగ్టన్ వాడిని ఎవరూ ఏమీ అన్లేదు," అంటాడు మాష్టారు.

చేపలవాళ్ల సంగతీ అంతే. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కి చిక్కారు. మరుసటేడు కాశ్మీర్ గొడవ వచ్చింది. వాళ్లు వాఘా దాటేసరికి 2020 జనవరి. తర్వాత ఆ కథతో 'తండేల్' సినిమా తీస్తే జనం చప్పట్లు కొట్టారు. మాష్టారు హాల్లోంచి బయటికొచ్చి సరిహద్దు గీత నీటి మీద ఎలా గీస్తారో అరగంట చెప్పాడు. వినేవాళ్లలో సగం మందికి ఆ గీత ఆయనకన్నా బాగా తెలుసు. మర్యాదకి ఊరుకున్నారు.

2025 ఆగస్టులో రష్యా నూనె కొంటున్నామని అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు టీ కొట్టు కుర్రాడు అడిగాడు: "మాష్టారూ, మాస్కో నూనెకీ మా మావ రొయ్యిల సెరువుకీ ఏటి సంబంధమండీ?" ఆ ఒక్క ప్రశ్నకి ఆయన దగ్గర ఆ రోజు బుస్సీ దొరకలేదు. టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. డబ్బులివ్వడమంటే పరిస్థితి తీవ్రంగా ఉన్నట్టే. మామూలుగా ఆయనది ఖాతా. కూడలిలో ఎదురెదురుగా రెండు కొట్లున్నాయి. ఒక కొట్టులో ఖాతా మూడొందలు దాటితే రెండోదాని టీలో రుచి కనిపెడతాడు. "ఇది అవకాశవాదం కదండీ," అన్నాను ఒకసారి. "సమతుల్యత," అన్నాడు.

ఇంతకీ ఆయనది శ్రీకాకుళం కాదు. పుట్టింది బొబ్బిలి దగ్గర. అత్తారు విజయనగరం కోట పక్క. పెళ్లినాడు బావమరిది తాంబూలంతోపాటు, "మా రాజుగారిని పొడిచినోళ్లకే పిల్లనిచ్చీసినాం" అన్నాడట. అప్పట్నుంచీ ఇంట్లో 1757 నడుస్తూనే ఉంది. రెండు ఊళ్లలోనూ కాకుండా శ్రీకాకుళంలో ఇల్లు కట్టడం తన అలీన విధానమని చెప్పుకుంటాడు. స్థలం అక్కడ చవగ్గా దొరికిందని వాళ్లావిడ అంటుంది.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి సిరిమాను. ఆ ఒక్కరోజూ అలీన విధానం పనిచెయ్యదు, ఆవిడ వెనకాల విజయనగరం వెళ్లాల్సిందే. పైడితల్లి విజయరామరాజు చెల్లెలని, బొబ్బిలి మీదికి వెళ్లొద్దని అన్నని వేడుకుందని, వినలేదని చెప్పుకుంటారు. గుడి ముందు మాష్టారు ఎక్కువసేపే నిలబడతాడు. ఈమధ్య నేనూ వెళ్లాను. భోజనాల దగ్గర బావమరిది పులిహోర వడ్డిస్తూ, అందరూ వినేటట్టు అడిగాడు: "ఏటి బావా, ఈపాలి బుస్సీ ఎవుడు?"

మాష్టారు చెయ్యి గాల్లోకి సగం లేచింది. ఆవిడ అటునుంచి చూసింది. చెయ్యి దిగి విస్తట్లోకి వెళ్లింది. "పులిహోరలో ఇంగువ బాగా పడింది," అన్నాడు.

మర్నాడు ఏడు రోడ్ల దగ్గర అడిగాం. "చర్చలు సుహృద్భావ వాతావరణంలో జరిగాయి," అని, ఖాతా తక్కువున్న కొట్టు వైపు నడిచాడు.