మనుషులకు చేరరాని చోటు, జీపు సౌకర్యం కలదు

నేను రాసే వ్యాసాల్లో ఎండ కాయదు. మే నెల మిట్టమధ్యాహ్నం ఆళ్ళగడ్డ బస్టాండులో తారు మెత్తబడి చెప్పుకు అంటుకునే వేళ కూడా నా వ్యాసంలో "ఆహ్లాదకరమైన వాతావరణం" ఉంటుంది. కోతులు ఉండవు, "వన్యప్రాణుల సందడి" ఉంటుంది. మెట్లు ఉండవు, "మెల్లగా సాగే ఆధ్యాత్మిక ప్రయాణం" ఉంటుంది. నీళ్ళు సరిగా రాని బాత్రూము "సంప్రదాయ జీవనశైలి" కిందికి వస్తుంది. లాడ్జీలకూ ట్రావెల్సు వాళ్ళకూ, అప్పుడప్పుడు పళ్ళ డాక్టర్లకూ వెబ్‌సైట్ల కోసం నున్నటి వ్యాసాలు రాసిపెట్టడం నా వృత్తి. మాటకింత అని కూలి. అందుకే నా వ్యాసాల్లో ఏదీ ఊరికే "బాగుంటుంది" అనిపించుకోదు. "చూపరుల మనసు దోచుకునే విధంగా ఎంతో అద్భుతంగా ఉంటుంది" అనిపించుకుంటుంది. ఒక్క మాట పోయి ఏడొచ్చాయి, లెక్క చూసుకోండి.

దిగువ అహోబిలంలో మా మేనమామకు చిన్న లాడ్జీ ఉంది. దానికి తోడు ఒక జీపు, జీపుకు ఒక డ్రైవరు, డ్రైవరుకు తోడుగా జీపును తోసేవాడొకడు. అడవిదారిలో పావన నరసింహుడి దగ్గరికి యాత్రికులను తిప్పుతుంటారు. ఒక సంక్రాంతికి భోజనాల దగ్గర మామ నన్ను పట్టుకున్నాడు.

"ఏం అల్లుడూ, ఊర్లో అందరికీ రాసిస్తావంట. మేనమామ లాడ్జి నీ కంటికి ఆనలేదా?"

"రాస్తాలే మామా. ఎట్లా ఉండాలి?"

"గూగుల్లో అహోబిలం అని కొడితే సామి కంటే ముందు మనం రావల్ల."

"సామి కంటే ముందా?"

మామ కాసేపు ఆలోచించాడు. "సరే, సామి తర్వాతే రానీ. మధ్యలో ఇంకెవడూ ఉండగూడదు."

పని కిటుకు కొంచెం చెప్పాలి. వెతికేవాడు ఏ మాటలు కొడతాడో ముందే పసిగట్టి, ఆ మాటలు శీర్షికలోనూ మొదటి పేరాలోనూ ఉపశీర్షికల్లోనూ కనిపించేలా రాయాలి. చదివేవాడికి అతికించినట్టు ఉండకూడదు, యంత్రానికి మాత్రం కనబడాలి. అహోబిలం గురించి జనం అడిగేవి ముఖ్యంగా మూడే: ఎంత దూరం, రూము ఎంత, తొమ్మిదీ ఒక్క రోజులో అవుతాయా. జ్వాలా, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. ఈ తొమ్మిది మంది నరసింహులనూ ఆదివారం పొద్దున మొదలుపెట్టి, సాయంత్రానికి ముగించి, సోమవారం హైదరాబాదులో ఆఫీసుకు పోవాలని వాళ్ళ కోరిక. స్వామి ఒక్కో రూపానికి ఒక్కో కొండో వాగో చెట్టో చూసుకున్నాడు, వీళ్ళు మాత్రం ఒక్క ఆదివారం చూసుకున్నారు.

దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసి అహోబిలాన్ని కర్నూలు జిల్లాలోంచి తీసి నంద్యాల జిల్లాలో పెట్టారు. స్వామి కదల్లేదు గానీ మా వ్యాసాలన్నీ కదలాల్సి వచ్చింది. జనమేమో ఇప్పటికీ కర్నూలు అనే కొడతారు. కాబట్టి ఇప్పుడు "కర్నూలు నుంచి విడిపోయిన నంద్యాల జిల్లాలోని" అని రాయాలి. నాకేం నష్టం, మాటకింత.

మామకు ఈ సూక్ష్మాలు ఒంటబట్టలేదు. ఎక్కువసార్లు పిలిస్తే ఎక్కువ పలుకుతుందని ఆయన నమ్మకం. తనే ఒక పేరా రాసి చూపించాడు: "అహోబిలం వచ్చే అహోబిలం భక్తులకు అహోబిలం గుడి దగ్గర అహోబిలంలోనే అహోబిలం రూములు." సహస్రనామం చదివినట్టుంది, పువ్వులొక్కటే తక్కువ. ఆయన్ను తప్పుపట్టలేం. ఒకప్పుడు ఇలాంటివి నిజంగానే చెల్లాయి. వ్యాసాల గోదాములనదగ్గ సైట్లుండేవి. ఒకే వ్యాసాన్ని మాటలు అటూ ఇటూ మార్చి వీలైనన్ని చోట్ల పడేసి, చివర తమ సైటుకు ఒక లంకె వేలాడగట్టేవాళ్ళు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ "పాండా" అనే మార్పు తెచ్చింది. ఆ గోదాములు చాలావరకు ఎవరూ తిప్పి చూడని వెనక పేజీల్లోకి జారిపోయాయి. మరుసటేడు ఏప్రిల్‌లో "పెంగ్విన్" వచ్చి డబ్బిచ్చి కొనుక్కున్న లంకెల పని పట్టింది. పేర్లు వింటే పిల్లల బొమ్మల్లా ఉంటాయి గానీ, వాటిని తలుచుకుంటే మా వృత్తిలో పెద్దవాళ్ళకు ఇప్పటికీ నోరు ఎండిపోతుంది. సింహం అని పెట్టలేదు, అదొక్కటే దయ.

ఎగువ అహోబిలం పైన ప్రహ్లాద బడి అని ఒక గుహ చూపిస్తారు. మా వృత్తివాళ్ళందరూ ఒకసారి చూసి రావలసిన చోటు. తండ్రి క్లయింటు. బడిలో ఎక్కడ చూసినా తన పేరే ఉండాలన్నాడు. కొడుకు కంటెంటు రైటరు. వేరే కీవర్డు పట్టుకున్నాడు. నచ్చజెప్పారు, బెదిరించారు, కొండమీంచి తోయించారు, అయినా మార్చలేదు. (నేనైతే ఒక్క ఫోనుకే మార్చేసి, "ఇంకేమైనా సవరణలుంటే చెప్పండి సార్" అని కూడా అనేవాణ్ణి.) చివరికి, నీ హరి ఎక్కడున్నాడని తండ్రి అడిగితే, ఎక్కడ వెతికినా దొరుకుతాడన్నాడు కొడుకు. ఒక్కచోట వెతికారు. మొదటి ఫలితంగానే వచ్చాడు. కావాలంటే ఇంకా పైకెక్కి ఉగ్రస్తంభం చూసుకోవచ్చు, మోకాళ్ళు ఒప్పుకుంటే.

లంకెల సంగతికొస్తే, మన పేజీకి దారి చూపించే పేజీలు ఎన్ని ఉంటే, ఎంత పెద్దవి ఉంటే, మన పరపతి అంత. 1998లో గూగుల్ కంపెనీ పెట్టినప్పుడు దాని అసలు పెట్టుబడి ఈ ఊహే. రాయలసీమకు ఇదేం కొత్త కాదు. ఏ ఊరికి పోయినా ఒక ఓబులేసు, ఒక ఓబులమ్మ, ఒక ఓబుల్‌రెడ్డి తగులుతారు. అన్నీ అహోబిలం నుంచి వచ్చిన పేర్లే. రైల్వే కోడూరు దగ్గర ఓబులవారిపల్లె అని మండలమే ఉంది. సందులో పిల్లాణ్ణి అన్నానికి పిలిచిన ప్రతిసారీ అహోబిలానికి ఒక లంకె పడుతుంది. ఇవి కొన్నవి కావు, మొక్కుకుని పెట్టుకున్నవి. వీటిని పీకడం ఏ పెంగ్విన్ వల్లా కాదు.

ఇంత పరపతి ఉన్న క్షేత్రానికి పాతకాలపు రివ్యూ ఎట్లా ఉండి ఉంటుందో అని ఒకరోజు వెతుకుతుంటే తిరుమంగై ఆళ్వారు దొరికాడు. పన్నెండు వందల ఏళ్ళ కిందట, కొంచెం అటూ ఇటూగా, తమిళదేశం నుంచి ఆయన ఈ కొండ మీద పది పాశురాలు పాడాడు. మా క్లయింట్లలో ఒక్కడు కూడా వాటికి డబ్బులివ్వడు. అందులో ఉన్నవి: ఎండకు ఎండి గలగలలాడే దిరిసెన కాయలు, ఒకదానికొకటి రాసుకుని ఆకాశం ఎర్రబడేలా మండే వెదుళ్ళు, పగిలిన బండలు, అలిసి సొలసిన జంతువులు, విల్లు పట్టుకుని అరిచే వేటగాళ్ళు. అన్నిటికీ మించి, దేవతలకు తప్ప ఇంకెవరికీ పోవడానికి వీలుకాని చోటు అని తేల్చి పారేశాడు. ఆహ్లాదకరమైన వాతావరణం లేదు, కుటుంబ సమేతంగా లేదు, పార్కింగ్ ఊసే లేదు.

మామకు ఇదంతా చెప్పాను.

"ఎవురప్పా ఆయన? మన యాపారం చెడగొట్టినాడే!"

"ఆయన పాడినందుకే మామా ఇది నూటెనిమిది దివ్యదేశాల్లో చేరింది. మద్రాసు నుంచి, కుంభకోణం నుంచి నీ లాడ్జీకి వచ్చే బస్సులన్నీ ఆయన పంపినవే."

మామ లెక్కల పుస్తకం తిరగేసి, నిజమేనని ఒప్పుకున్నాడు. "అట్లయితే ఆ మాటే పెట్టు. మనుషులు పోలేరని రాయి. కింద జీపు ఉండాదని రాయి."

ప్రచారానికి రాతా కావాలి, మెట్లూ కావాలి అని కనిపెట్టింది మామ ఒక్కడే కాదు. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికీ శ్రీశైలానికీ మెట్లు కట్టించాడు. ఆయన ఆస్థానకవి ఎర్రన నృసింహపురాణం రాశాడు. దానికి అహోబల మాహాత్మ్యం అనే పేరు కూడా ఉంది. ఆ పుస్తకాన్ని రాజుకు కాకుండా నేరుగా అహోబల నరసింహుడికే అంకితమిచ్చాడు. క్లయింటును ఎంచుకోవడం అంటే అదీ. ఆరువందల ఏళ్ళు దాటినా సవరణలు అడగని క్లయింటు.

సరుకు అమ్మడానికి సాహిత్యాన్ని తోడు తెచ్చుకున్న తెలుగువాళ్ళు దగ్గరి కాలంలోనూ ఉన్నారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు, సంగీతసభల్లో దాన్ని ఊరికే పంచిపెట్టేవాడని చెప్తారు. పాట ఎట్లా ఉన్నా తలనొప్పి తగ్గేది. 1908లో అదే ఊళ్ళో ఆంధ్రపత్రిక మొదలుపెట్టాడు. మద్రాసులో లోధ్ర అనే మందు అమ్మిన కేసరి గారు 1928లో ఆడవాళ్ళ కోసం గృహలక్ష్మి పత్రిక నడపడం మొదలుపెట్టారు. వాళ్ళు మందు అమ్మి పత్రికలు పోషించారు. మేము రూము అమ్మడానికి "ప్రకృతి ఒడిలో" అని రాస్తున్నాం. అంతకన్నా ఎక్కువ పోల్చుకుంటే కళ్ళు పోతాయి.

అయినా అహోబిలంలో అసలైన ప్రచారకర్త స్వామే. కనుమ నాడు పార్వేట మొదలవుతుంది. ఉత్సవమూర్తులు పల్లకీ ఎక్కుతారు, చెంచులు బాణాలు వేస్తారు, పల్లకీ కొండ దిగి ఊళ్ళ మీద పడుతుంది. ముప్పైకి పైగా ఊళ్ళు, నలభై రోజులకు పైగా. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని స్వామి ఇంటింటికీ వచ్చి చెప్పిపోతాడని నమ్మకం. పెళ్ళికూతురు చెంచులక్ష్మి కాబట్టి చెంచులకు ఆయన ఇంటల్లుడు. పల్లకీ వచ్చే రోజుకు ఊళ్ళో సున్నాలు పడతాయి, ఆడపడుచులు పుట్టిళ్ళకు చేరతారు, ప్రతి పొయ్యి మీదా ఓళిగలు పొంగుతాయి. మా వాళ్ళ ఊరికి పల్లకీ వచ్చినప్పుడు చూశాను. మా పెద్దవ్వ కళ్ళు సరిగా కనబడవు. పల్లకీ బొంగు పట్టుకుని తడిమి, "ఏం నాయనా, చిక్కిపోయినావే, అందరి ఇండ్లకూ నువ్వే తిరగల్లనా, ఇంకెవురూ లేరా?" అంది. నేను రాసే ఏ వ్యాసం కిందా ఇంతవరకు ఎవరూ అట్లా అడగలేదు.

ఈ మధ్యలో మామ కొడుకు తగులుకున్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "బావా, నీకు మాటకింత ఎందుకియ్యల్ల? ఇది ఊరికే రాస్తాది" అని ఫోనులో రాతయంత్రాన్ని చూపించాడు. టీ చల్లారేలోపు వ్యాసం దిగింది. అబద్ధమెందుకు, అసూయ పుట్టింది. ఎక్కడ నిమిరినా నున్నగా ఉంది. "ఆధ్యాత్మికత, ప్రకృతి, సాహసం కలగలిసిన అపురూప గమ్యస్థానం" అట. జ్వాలా నరసింహుడి దారి "పిల్లలు, పెద్దలు సరదాగా నడవదగినది" అట. చివర "సాయంవేళ భావనాశిని నదిలో బోటు షికారు మరువలేని అనుభూతి" అని ముగించింది. మామ మురిసిపోయి అట్లనే పెట్టించాడు.

భావనాశిని వానాకాలంలో గట్టిగానే పరిగెత్తుతుంది. మిగతా కాలంలో రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. ఏప్రిల్లో బెంగుళూరు నుంచి ఒక కుటుంబం దిగింది. పిల్లల నడుములకు ఈత ట్యూబులు, ఒకటి బాతు, ఒకటి మొసలి. ఆయన నేరుగా మామ దగ్గరికి వచ్చి, "బోటింగ్ ఎక్కడండీ?" అన్నాడు.

మామ ఏటివైపు చూశాడు, పిల్లలవైపు చూశాడు, కొడుకువైపు చూశాడు. కొడుకు ఫోనువైపు చూశాడు.

"బోటు తెప్పిస్తాం సార్, అదేం కష్టం కాదు. నీళ్ళే ఇంకా రాలేదు."

ఆ రాత్రి మామ నన్ను మిద్దెమీదికి పిలిచి, ఫోను రికార్డింగ్‌లో పెట్టమన్నాడు. నేను చెప్తా, నువ్వు రాయి, ఒక్క మాట కలపద్దు, అన్నాడు. ఆయన చెప్పింది ఇదీ:

"ఎండ ఉంటాది. పొద్దున ఆరుకే కొండెక్కండి, పదకొండుకంతా దిగండి. కోతులుంటాయి. చేతిలో సంచి పట్టుకుంటే అది మీది కాదు, వాటిది. కర్ర తీసుకోండి. జ్వాలా నరసింహునికాడికి మెట్లు, బండలు, వానాకాలమైతే పైనుంచి నీళ్ళు గూడా మీద పడతాయి. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు డోలీ మాట్లాడుకోండి, లేదంటే కిందినుంచే దండం పెట్టుకోండి, సామి ఏమీ అనుకోడు. పావన నరసింహునికి జీపు పోతాది. జీపులో పోయినోళ్ళు నడిచినోళ్ళకన్నా ఎక్కువ అలిసిపోయి వస్తారు. మా లాడ్జీలో ఎనిమిది రూములు. రెండింట్లో ఏసీ, ఒకటి పని చేస్తాది. ముందు చెప్తే సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేయిస్తాం. చెప్పకపోతే లేదు. బోటు లేదు."

కూలి లెక్కన నాకు సున్నా. ఒక్క మాటా నాది కాదు. "చేయబడును" అని ఒకచోట దిద్దబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు.

పేజీ మారిన కొన్నాళ్ళకు నేను అక్కడుండగానే ఫోన్ మోగింది. మామ స్పీకర్ పెట్టాడు. విజయవాడ నుంచి ఎవరో ఆమె.

"మీ పేజీ చదివామండీ. అందులో రాసినట్టు కోతులు తప్పకుండా ఉంటాయి కదా? పిల్లలు ఒకటే గోల."

"కోతులకు గ్యారంటీ నాదమ్మా" అన్నాడు మామ. "ఏసీకే చెప్పలేను."